మూడో ప్లగ్గు, భద్రం ఎడమచెయ్యి

ముందు సీటు కింద ఇంజిను ఉండే పాత పెట్రోలు వ్యానుకి, సీటు విప్పకుండా, ఎయిర్ క్లీనరు డబ్బా కదపకుండా, కళ్ళకు గుడ్డ కట్టుకుని నాలుగు నిమిషాల్లో మూడు స్పార్కు ప్లగ్గులూ మార్చిన మెకానిక్కు ఏలూరుకీ ఆకివీడుకీ మధ్య నేనొక్కణ్ణే. కావాలంటే తాడేపల్లిగూడెంలో పాతవాళ్ళని అడగండి. అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు గనుక, మీరు వెళ్ళి అడిగేలోపు నేనే మొత్తం చెప్పేస్తాను.

మా మెకానిక్కుల సంఘం వాళ్ళు, కొత్తగా పనిలోకి వస్తున్న పిల్లల కోసం పాతవాళ్ళు తలా నాలుగు పేజీలు రాయాలన్నారు. పనిలో ఎప్పుడు చేరాను, ఎప్పుడు మేస్త్రినయ్యాను అన్నవి మీకు పనికిరావు. నలభై ఏళ్ళలో నాకు నిజంగా పని నేర్పినవి రెండే. ఒకటి ఆ వ్యాను మూడో ప్లగ్గు. రెండోది ఆ ప్లగ్గుని నాకంటే బాగా తీసేవాడి మీద నా కడుపుమంట.

మూడోది ఎక్కడుంటుందంటే

ఇప్పటి బండ్లలో ఇంజిను ముందుంటుంది, మూత ఎత్తితే అన్నీ కనపడతాయి. ఈ వ్యాను అలా కాదు. డ్రైవరు సీటు వెనక్కి మడిచి, కింద రేకు మూత తీస్తే, బావిలోకి తొంగి చూసినట్టు ఇంజిను కనపడుతుంది. మొదటి రెండు ప్లగ్గులు మర్యాదస్తులు, చెయ్యి పెట్టగానే అందుతాయి. మూడోది వెనక, సీటు బిగించే ఇనుప పట్టీ కింద దాక్కుని ఉంటుంది. కంటికి కనపడదు, వేళ్ళతో తడుముకోవాలి. కుడిచెయ్యి పెడితే మణికట్టు ఆ పట్టీకి కొట్టుకుంటుంది. నా కుడి మణికట్టు మీద ఇప్పటికీ అడ్డంగా గీత ఉంది. చూసినవాళ్ళు వాచీ పట్టీ మచ్చ అనుకుంటారు.

ప్లగ్గు తీయడం కష్టమనుకుంటారు గానీ అసలు కష్టం పెట్టడంలోనే ఉంది. ప్లగ్గు కూర్చునే ఇంజిను హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. మర సరిగ్గా పడకుండా స్పానరు వేసి తిప్పితే ఉక్కు గెలుస్తుంది, హెడ్డు లోపలి మరలు తెగిపోతాయి. పైకి ఏమీ తెలియదు. ఇంజిను స్టార్టవుతుంది, చక్కగా ఆడుతుంది, నలభై కిలోమీటర్లు పోయాక ప్లగ్గు తుపాకీ గుండులా పైకి లేస్తుంది. అందుకని ఇంజిను చల్లారేవరకూ ఆగండి. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము ముందు గాలితో ఊదండి. కొత్తది వేళ్ళతో తిరిగినంతసేపూ స్పానరు ముట్టుకోకండి. రెండు చుట్లకే బిగుసుకుందంటే అది తప్పుగా ఎక్కిందని అర్థం. ఇవన్నీ నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే చెడగొట్టాను. ఎలాగో ముందు ముందు వస్తుంది.

యజమాని

తాడేపల్లిగూడెంలో మా షెడ్డు యజమాని కృష్ణమూర్తిగారు. నేను చూసిన యజమానుల్లో ఆయన్ని మించినవాడు లేడు. ఎవరి మీదా అరిచేవాడు కాదు. బండి చెడితే ఎవరు చెడగొట్టారని అడిగేవాడు కాదు, ఎక్కడ చెడిందని అడిగేవాడు. పంచె ఎగ్గట్టి ఇంజిను పక్కన గొంతుక్కూర్చుంటే, ఆ ఇంజిను తన బాధ తనే చెప్పుకుంటున్నట్టు ఉండేది.

ఆయనలో లోపం ఒకటే. మెచ్చుకోవలసి వస్తే నలుగురి ముందూ మెచ్చుకునేవాడు, అది కూడా ఒక్కడినే. మీరు రేపు యజమానులైతే ఆ పని చేయకండి. మెచ్చుకోలు పక్కవాడి చెవిలో పడకుండా చూసుకోండి.

భద్రం

భద్రం మా షెడ్డుకి వచ్చేనాటికి నేను పెద్ద మేస్త్రిని. అతను నాకంటే ఆరేడేళ్ళు చిన్న. కొల్లేటికోట మనిషి. చెరువుల మీద నీళ్ళు తోడే ఇంజిన్లు బాగుచేసి బాగుచేసి మా దగ్గరికి వచ్చాడు. సన్నటి మనిషి, సన్నటి వేళ్ళు, ఎడంచేతి వాటం. వచ్చిన మూడో రోజే ఒక వ్యాను వచ్చింది. నేను సీటు బోల్టులు విప్పడానికి స్పానరు వెతుక్కుంటుండగా, భద్రం డోరు పక్కన ఒంటి మోకాలి మీద కూర్చుని, ఎడంచెయ్యి లోపలికి పోనిచ్చి, మూడో ప్లగ్గు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇదిగోండి మేస్త్రిగారూ. చూడండి, నల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టుంది." అంతే. గొప్ప చెప్పుకుని ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఆ మధ్యాహ్నం కృష్ణమూర్తిగారు టీ గ్లాసులు వచ్చినప్పుడు మొదటిది భద్రానికి ఇమ్మన్నారు. పదిహేనేళ్ళుగా మొదటి గ్లాసు నాది. చల్లారిన రెండో గ్లాసు తాగుతూ నేను అతని చేతిని చూశాను. ఆ తర్వాత మూడేళ్ళు అదే పని. అతను పాట కూనిరాగం తీస్తూ పని చేసేవాడు, చొక్కాకి మరక అంటేది కాదు. వ్యాన్ల వాళ్ళు షెడ్డులోకి వస్తూనే "భద్రంగారున్నారాండీ?" అని అడిగేవారు. నన్నే అడిగేవారు, నాకే నమస్కారం పెట్టి. నేను "ఉన్నాడు" అని చెప్పడం, ఆ మాట చెప్పేటప్పుడు నవ్వడం నేర్చుకున్నాను. ప్లగ్గు కంటే అది కష్టమైన పని.

కారణం నాకు స్పష్టంగా కనిపించింది. ఎడమచెయ్యి. ఎడమచేత్తో పోతే మోచెయ్యి డోరు బయట ఉంటుంది, పట్టీ తగలదు, వేళ్ళు నేరుగా ప్లగ్గు నెత్తిమీదికి పోతాయి. దేవుడు ఆ మనిషిని ఆ వ్యాను కోసమే పుట్టించాడనుకున్నాను. సరే, నేనూ ఎడమచెయ్యి తయారుచేసుకుందామని ఇంట్లో మొదలుపెట్టాను. ఎడమచేత్తో గడ్డం గీసుకుంటే మూడుచోట్ల తెగింది. ఎడమచేత్తో ఆవకాయ జాడీ మూత తిప్పితే జాడీ పగిలింది. చివరికి ఎడమచేత్తో అన్నం కలిపాను. మా ఆవిడ వరలక్ష్మి గరిటె గిన్నెలోనే ఆపేసింది.

"ఏవండీ, కుడిచేతికేమయింది?"

ఏమీ కాలేదని, వృత్తి సాధన అని చెప్పాను.

"భద్రంగారికి ప్లగ్గు అందితే నా అన్నానికి ఎడంచెయ్యెందుకండీ? ఆ చెయ్యి కడుక్కుని రండి, లేకపోతే వడ్డించను."

భద్రం పేరు నేను ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదనే అనుకున్నాను అప్పటివరకూ. నిద్రలో ఎత్తానట.

నేను పుట్టించిన శాస్త్రం

చెయ్యి తయారు కాలేదు. అప్పుడు నోటితో పని మొదలుపెట్టాను. ఐసు వేసుకుని కొల్లేటికి పోయే వ్యాను ఆసామి ఒకాయన భద్రం కోసం ఎదురుచూస్తూ నా పక్కన కూర్చున్నాడు. నాకు ఆ క్షణంలో తోచింది చెప్పాను. ఎడంచేత్తో బిగించిన ప్లగ్గు నీటిగాలికి నిలవదని, గట్టు రోడ్డు ఎక్కేసరికి దానంతటదే వదులవుతుందని, పాత మెకానిక్కులందరికీ ఇది తెలుసని. ఆయన నోరు తెరిచి విన్నాడు. నేను ఇంకాస్త పెంచి, లారీలలో చూశామని, పడవ ఇంజిన్లలో కూడా చూశామని చెప్పాను.

నెల తిరిగేసరికి అది నా చేతుల్లో లేదు. కొల్లేటివైపు పోయే బండి ఏది వచ్చినా, "కాస్త కుడిచేత్తో బిగించమనండి" అనేవారు. భద్రం నవ్వి, వాళ్ళు చూస్తుండగా చివరి పావు చుట్టు కుడిచేత్తో తిప్పేవాడు. ఈ మాట ఎవరు పుట్టించారని ఒక్కసారి కూడా అడగలేదు. ఈమధ్య భీమడోలులో ఆటో ఎక్కితే, ఆ అబ్బాయి ఇదే శాస్త్రం తన తాతగారు చెప్పారని నాకే చెప్పాడు. ఇంత పనిచేసిన నేను, నాలుగు జిల్లాలలో నిలిచిపోయిన మాట ఒకటి పుట్టించానంటే, అది ఇదే. నాలుగు జిల్లాలు కాదు, రెండు మండలాలు.

చేపపిల్లల వ్యాను

ఆకివీడులో చేపల చెరువులున్న రాజుగారు ఒకాయన ఉండేవారు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఆయన వ్యాన్లు మూడు మా షెడ్డుకే వచ్చేవి. ఒక ఉదయం ఏడింటికి అందులో ఒకటి గుక్కపట్టి ఏడ్చే పిల్లాడిలా దగ్గుతూ వచ్చి ఆగింది. వెనకంతా చేపపిల్లలు. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు పోసి, ఆక్సిజన్ నింపి, మూతి కట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఎండ ముదిరేలోపు కొల్లేటికోట దగ్గర చెరువులో వదలాలి. లేకపోతే సంచుల్లోనే ఉడికిపోతాయి.

డ్రైవరు దిగుతూనే భద్రం ఉన్నాడా అని అడిగాడు. భద్రం బజారుకి గాస్కెట్టు తేవడానికి వెళ్ళాడు. పది నిమిషాల్లో వస్తాడని నాకు తెలుసు. కానీ నేను ఈవేళ భద్రం రాడని చెప్పాను. నేను చూస్తానని, వెళ్ళి టిఫిను చేసిరమ్మని డ్రైవరుని పంపించేశాను. నా ఎడమచేతి కుస్తీ ఎవరూ చూడకూడదు, అంతే నా ఆలోచన.

ఇంజిను కాలుతోంది. చల్లారేవరకు ఆగితే భద్రం వచ్చేస్తాడు. ఆగలేదు. పాత మూడో ప్లగ్గు ఎలాగో ఊడింది. కొత్తది ఎడమచేత్తో పెట్టి తిప్పాను. రెండు చుట్లకే బిగుసుకుంది. పైన రాశాను చూడండి, రెండు చుట్లకి బిగుసుకుంటే ఏమిటో. స్పానరు వేసి, బలంకొద్దీ తిప్పాను. లోపల ఇసుక నలిగినట్టు మెత్తగా ఒక చప్పుడు వినపడింది. విననట్టు ఊరుకున్నాను. స్టార్టు చేస్తే ఇంజిను తేనెలా ఆడింది. ఆ ఒక్క ప్లగ్గుకే ఎనిమిది నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత ఆనందపడిన సందర్భాలు తక్కువ.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాను. ఈలోగా భద్రం వచ్చి, తెరిచి ఉన్న సీటు చూసి, రేకు మూత పెట్టి సీటు దించాడు. డ్రైవరు టిఫిను ముగించుకుని వచ్చేసరికి వ్యాను పక్కన భద్రం ఉన్నాడు. డ్రైవరు అతనికి దణ్ణం పెట్టి, హాయిగా బండెక్కి వెళ్ళిపోయాడు. నేను కుళాయి దగ్గర నిలబడి అదంతా చూశాను.

గట్టు మీద

తొమ్మిదిన్నరకి షెడ్డుకి ఫోను వచ్చింది. ఆకివీడు దాటి గట్టు రోడ్డు మీద ప్లగ్గు పేలి వ్యాను ఆగిపోయింది. కృష్ణమూర్తిగారు మా ఇద్దరినీ స్కూటరు మీద పంపించారు. భద్రం నడిపాడు. నేను వెనక కూర్చుని, సంచీలో మరలు కోసే ట్యాపులు, గ్రీజు డబ్బా గలగలలాడుతుంటే, గణపవరం దాటేదాకా ఒకటే అబద్ధాన్ని పదిరకాలుగా అల్లుకున్నాను.

మేం వెళ్ళేసరికి ఎండ చుర్రుమంటోంది. దారిన పోయే ఆడవాళ్ళు నలుగురు, డ్రైవరు కలిసి సంచులు ఒక్కొక్కటే మోసి పక్క కాలవ నీళ్ళలో తేలేశారు, చల్లగా ఉంటాయని. అయినా చాలా సంచుల్లో చేపపిల్లలు వెల్లకిలా తేలిపోయి ఉన్నాయి. రాజుగారు గొడుగు కింద నిలబడి ఉన్నారు. ఆ పెద్ద గొంతు లేదు. గొంతు లేని రాజుగారిని చూడటం అదే మొదటిసారి.

"ఎవరయ్యా ఇది బిగించింది?"

"భద్రంగారేనండీ. నేను టిఫిను చేసొచ్చేసరికి ఆయనే సీటు దించుతున్నారు," అన్నాడు డ్రైవరు.

భద్రం అప్పటికే సీటు ఎత్తి, చెయ్యి లోపల పెట్టి, తెగిన మరల్ని వేలితో తడుముతున్నాడు. తల ఎత్తి నా వంక ఒకసారి చూశాడు. నేను మాట్లాడాలి. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఇది.

"ఎడంచెయ్యి కదండీ. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి నిలవదండీ."

రాజుగారు తల ఊపారు. ఆయనకీ ఆ శాస్త్రం తెలుసు.

భద్రం ట్యాపు గాడుల నిండా గ్రీజు కూరాడు, తెగిన పొట్టు సిలిండరులో పడకుండా గ్రీజుకి అంటుకుంటుందని. అర చుట్టు లోపలికి, పావు చుట్టు వెనక్కి, మళ్ళీ తీసి తుడిచి, మళ్ళీ గ్రీజు. అడుగున మిగిలిన నాలుగు మరల్ని బతికించాడు. తర్వాత చొక్కా జేబులోంచి జానెడు పాత పెట్రోలు గొట్టం ముక్క తీశాడు. రబ్బరుది. దాని కొసకి ప్లగ్గు నెత్తి దూర్చి, గొట్టం రెండో కొస వేళ్ళతో పట్టుకుని లోపలికి దించి తిప్పాడు. మర సరిగ్గా పడితే ప్లగ్గు తిరుగుతుంది, తప్పు పడితే గొట్టమే జారుతుంది, హెడ్డుకి ఏమీ కాదు. బలం పెడదామన్నా పెట్టలేం. ఆ గొట్టాన్ని అతను కుడిచేత్తో తిప్పాడు. ఎడమచేత్తో బ్యాటరీ లైటు పట్టుకున్నాడు.

మూడేళ్ళు నేను అతని చెయ్యి చూశాను. చేతిలో ఏముందో చూడలేదు. పిల్లలూ, మీరు ఈ నాలుగు పేజీల్లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఆ రబ్బరు గొట్టం గుర్తుపెట్టుకోండి.

తర్వాత

నెల తిరక్కుండా భద్రం మా షెడ్డు మానేశాడు. ఆ అబద్ధంతో నేనే వెళ్ళగొట్టాను. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, వరలక్ష్మికి కూడా. మొదటి టీ గ్లాసు మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. వ్యాన్లన్నీ నాకే వచ్చాయి. గొట్టం ముక్క ఒకటి నేనూ జేబులో పెట్టుకున్నాను. అది నా సొంత ఉపాయమని అందరికీ చెప్పాను.

భద్రం ఆకివీడులో రేకుల షెడ్డు వేసుకున్నాడు. రెండేళ్ళలో రాజుగారి వ్యాన్లు కూడా అక్కడికే పోయాయి. అంత చేసినా అతని మీద మంట తగ్గలేదు, ఇంకా పెరిగింది. బస్సులో ఆకివీడు మీదుగా వెళ్ళవలసి వస్తే, అతని షెడ్డు వచ్చేవేళకి అటుపక్క కిటికీలోంచి బయట ఆగిన బండ్లు లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి తక్కువుంటే ఆ పూట అన్నం సయించేది.

మొదట రాసిన గొప్ప సంగతి కూడా తేల్చేస్తాను. నా చేతికి మూడు ప్లగ్గులకీ ఎప్పుడూ పదకొండు నిమిషాలకి తక్కువ పట్టలేదు, అదీ సీటు విప్పేసి. కళ్ళకు గుడ్డ కట్టుకుని నాలుగు నిమిషాల్లో మార్చింది భద్రం, దసరా పూజ రోజున అందరూ సరదాకి పందెం వేస్తే. గుడ్డ కట్టింది నేను. బాగా బిగించి కట్టాను.

చదివి వినిపించాను

ఇక్కడిదాకా రాసి, అచ్చుకి ఇచ్చేముందు భద్రానికి వినిపించడం న్యాయమనిపించింది. ఇప్పుడు నేనుంటున్న ఏలూరు నుంచి బస్సెక్కి ఆకివీడు వెళ్ళాను. అతను పని మానేశాడు, కొడుకు చూస్తున్నాడు. షెడ్డులో ఇప్పటికీ ఆ పాత వ్యాను ఒకటి నిలబడి ఉంది, సీటు ఎత్తి. నాకు కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి, నేను చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని విన్నాడు. నేను వెళ్ళగొట్టానన్నచోట చదవడం ఆపాను. క్షమించమని అడగడానికి ఇదే సమయమనుకుని కళ్ళజోడు తీశాను.

"మీరు నన్ను వెళ్ళగొట్టలేదండీ," అన్నాడు భద్రం. "ఈ స్థలం నేను ఆ వేసవిలోనే చూసుకున్నాను. ప్లగ్గు పేలిన సాయంత్రమే కృష్ణమూర్తిగారు నన్ను అడిగారు, మేస్త్రి బిగించిందే కదా అని. అవునన్నాను. ఆయనకి మీ స్పానరు చప్పుడు వినపడిందట, లోపల గదిలోంచి. మీకు చెప్పలేదు, అంతే. నన్ను వెళ్ళగొట్టేటంత మనిషా మీరు?"

అలాంటప్పుడు నావల్ల ఎవరికీ నష్టం జరగలేదన్నమాటే కదా అన్నాను. కాస్త తేలికపడ్డాను కూడా, దాచడం దేనికి.

భద్రం కళ్ళు తెరిచాడు. కొల్లేటి మనుషులు కోపం వచ్చినా అండీ మానరు.

"బండి నిండా చేపపిల్లల్ని పెట్టుకుని, బండి వదిలేసి టిఫినుకి పోయాడని రాజుగారు ఆ డ్రైవరుని గట్టు మీదే తీసేశారండీ. మనం స్కూటరెక్కి వచ్చేశాక. మళ్ళీ ఆ చుట్టుపక్కల ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. చెరువుల్లో వల లాగి బతికాడు. టిఫినుకి పంపింది మీరు. ఇన్ని పేజీలు రాశారు, నా చెయ్యి ఉంది, నా చొక్కా ఉంది, నా టీ గ్లాసు ఉంది. అతని పేరేదండీ?"

నాకు తెలియదన్నాను.

"సూరిబాబు. రాసుకోండి."